పండక్కి ఇంటి సబ్బు

దీపావళికి స్వీటు డబ్బాలు ఎలాగూ ఇచ్చిపుచ్చుకుంటాం. ఈసారి సెలవుల్లో పిల్లల చేత సబ్బులు చేయించి చుట్టాలకు ఇప్పించి చూడండి.

నూనె, కాస్టిక్ సోడా కలిపి మొదటినుంచీ చేసే పద్ధతి పిల్లలది కాదు. ఆ సోడా చర్మాన్ని కాలుస్తుంది, అల్యూమినియం గిన్నెను తినేస్తుంది. పైగా పోసిన సబ్బు నాలుగైదు వారాలు ఆరాలి. పండగ ముందు అంత తీరిక ఎవరికుంది? అందుకే గ్లిజరిన్ సబ్బు బేస్ కొనుక్కోండి. సోడా పని అందులో ముందే అయిపోయి ఉంటుంది.

అరకిలో బేస్‌ను చిన్న ముక్కలుగా కోసి గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్లలో పెట్టండి. సుమారు 60 డిగ్రీలకు కరుగుతుంది. మరగనివ్వొద్దు, గిలక్కొట్టొద్దు, నురగ వస్తే సబ్బు నిండా బుడగలే. దించాక చిటికెడు కస్తూరి పసుపు, పావు చెంచా నిమ్మగడ్డి నూనె చాలు. పసుపు ఎక్కువైతే తువ్వాలు సంగతి చెప్పక్కర్లేదు! పచ్చి గులాబీ రేకులు మాత్రం వేయకండి, రెండు రోజుల్లో నల్లబడి చూడ్డానికే బాగుండవు. అచ్చులు లేవా? కాగితం కప్పుల్లో పోయండి, గట్టిపడ్డాక చించేయొచ్చు.

గ్లిజరిన్ గాలిలో తేమను లాగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల విప్పి ఉంచితే సబ్బుకు చెమటలు పడతాయి. అందుకని ఆరిన రోజే పల్చటి ప్లాస్టిక్ కాగితంలో బిగించి, పైన రంగు కాగితం చుట్టండి. ఏమేం వేశారో చీటీ రాసి అంటించండి; కొందరి ఒంటికి సువాసన నూనెలు పడవు.