సైన్సు గదిలో ఆఫ్రికా చేప
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా బ్యాచ్ తరఫున సైన్సు గదికి ఒక అక్వేరియం ఇచ్చాం. రంగురంగుల చేపలు లేవేమని మిత్రులు అడిగారు. అడుగున పాములా పడుకున్న ఆ బూడిదరంగు చేప పేరు సెనెగల్ బిచిర్. దాని పుట్టిల్లు ఆఫ్రికా నదులు, చిత్తడి నేలలు.

బిచిర్‌కు మొప్పలతో పాటు రెండు ఊపిరితిత్తులు కూడా ఉంటాయి. అప్పుడప్పుడు పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. అందుకే నీటికీ మూతకూ మధ్య జాగా వదిలాం. వీపు మీద చిన్న జెండాల్లాంటి రెక్కల వరుస, ఒంటి మీద పలకల్లాంటి గట్టి పొలుసులు చూడండి. మిగతా చేపల వంశం నుంచి చాలా ముందే విడిపోయిన శాఖ ఇది. అందుకే తొలినాటి చేపల పోలికలు దీనిలో ఎన్నో మిగిలాయి.

నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర వెంట వెళ్లిన జెఫ్రాయ్ సెయింట్ హిలేర్ నైలు నదిలోని బిచిర్‌ను 1802లో లోకానికి వర్ణించి చెప్పాడు. ఇది గుడ్డులో ఎలా పెరుగుతుందో తెలుసుకోవాలని జాన్ శామ్యూల్ బడ్జెట్ అనే ఇంగ్లండు యువకుడు నాలుగుసార్లు ఆఫ్రికా వెళ్లాడు. చివరి ప్రయాణంలో అనుకున్నది సాధించాడు. కానీ అక్కడ అంటిన జ్వరంతో 1904లో, 31 ఏళ్లకే కన్నుమూశాడు. 2014లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు బిచిర్ పిల్లలను ఎనిమిది నెలలు తడి నేల మీద పెంచారు. అవి తల పైకెత్తి, రెక్కలు ఒంటికి దగ్గరగా ఆనించి, మెరుగ్గా నడిచాయి. ఎముకల ఆకారంలోనూ మార్పు కనిపించింది. జలచరాలు నేలకెక్కిన కథకు అదొక ఆధారం.

గాలి పీల్చే చేప మనకు కొత్తేమీ కాదు. మన కొర్రమీను కూడా పైకొచ్చి గాలి మింగుతుంది. దానికి ఉన్నది ఊపిరితిత్తి కాదు, మొప్పల పైన ఉండే ప్రత్యేకమైన అర. ఎండాకాలం చెరువు అడుగంటినా తడి బురదలో కొన్నాళ్లు ప్రాణం నిలుపుకుంటుంది. కర్నూలు, కడప ఎండలు చూసినవాళ్లకు ఆ ఓర్పు విలువ తెలుసు.

పిల్లలూ, మీకొక్క మాట. ఈ చేప పెద్దదైనా, పెంచడం కష్టమైనా, జాలిపడి కె.సి. కాలువలోనో ఊరి చెరువులోనో మాత్రం వదలకండి. గాజు శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేపను అలాగే వదిలేశారు. ఇప్పుడది మన రాష్ట్రంలో జాలర్ల వలలు చించుతోంది, చేపల చెరువుల్లో మేత తినేస్తోంది. వాళ్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై నంద్యాల మీదుగా కడప దాకా పారే కాలువ మనది. ఒకచోట వదిలింది ఎక్కడ తేలుతుందో ఎవరు చెప్పగలరు? మన కొర్రమీనుకు నీళ్ల కరువే చాలు, పైనుంచి వచ్చిపడే పోటీ వద్దు.

సాకలేకపోతే మాకు కబురు చేయండి, మేమే తీసుకెళ్తాం. అంతవరకు ఒక నోటుబుక్కు పెట్టండి. గంటకు ఎన్నిసార్లు గాలికి పైకొస్తుందో, ఎండ ముదిరితే ఆ లెక్క పెరుగుతుందో లేదో రాయండి. మూత మాత్రం గట్టిగా వేయండి, సందు దొరికితే బయటికి పాకుతుంది.

సెలవు.