మూల్యమును కొలుచు కుంచము

విశాఖపట్టణమున కాల్టెక్సు కంపెనీ 1957లో నెలకొల్పిన చమురుశుద్ధి కర్మాగారమును ప్రభుత్వము 1977 నాటి శాసనముచే స్వాధీనపఱచుకొని, మఱుసటియేట హిందుస్థాన్ పెట్రోలియమున విలీనము గావించెను. ఊరక కైకొనలేదు, మూల్యము చెల్లించియే కైకొనెను. అది ధర్మమే. అయితే మూల్యమును కొలుచు కుంచమేది?

1938లో మెక్సికో విదేశీ చమురు కంపెనీల ఆస్తులను గైకొనినపుడు, భూగర్భమందలి చమురునకును వెల యిమ్మని కంపెనీలు పట్టుపట్టెను. భూగర్భము జాతిసొత్తు, పెట్టిన పెట్టుబడికే వెల యని ప్రభుత్వము బదులు చెప్పెను. 1942లో పెక్కు అమెరికా కంపెనీల తగవు సుమారు 2 కోట్ల 40 లక్షల డాలర్లతో తీఱెను.

మన రాజ్యాంగమందలి "పరిహారము" అను మాటను 1971 నాటి 25వ సవరణ తొలగించి "మొత్తము" అను మాటను నిలిపెను. 44వ సవరణతో ఆ అధికరణమే పోయెను. మాట సడలిన చోట బలవంతునకు బేరము గలదు, బలహీనునకు దిక్కేది? కంపెనీకి వకీళ్ల బలగ ముండెను. హంద్రీనీవా కాలువకు పొలము పోయిన పుంగనూరు, కుప్పము రైతుల చేత నున్నది పట్టాయు, అడంగలు నకలును మాత్రమే.

2013 భూసేకరణ చట్టము బజారు వెలకు తోడు నూటికి నూఱు వంతుల ఉపశమనధనము విధించినది. అవార్డు చెప్పునపుడు హాజరైన రైతు, సమ్మతింపనిచో, ఆఱు వారములలో కలెక్టరునకు అర్జీ వ్రాసి యీయవలెను. గడువు దాటనీయకుడు. మదనపల్లెలో మా యొద్దకు రండు. అర్జీ మేము వ్రాసి యిచ్చెదము. కంపెనీకి చూపిన లెక్కను రైతునకు చూపకపోవుట జాతీయత గాదు.