గోడ మీద మన అమ్మ ఏదీ?
(తండా యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హాస్టల్ వార్డెన్ మైకు పట్టుకుంది, హాజరు తీసుకుంటుందేమో అని భయపడకండి. ఈరోజు బొమ్మల గురించి మాట్లాడతాను.

ఇప్పుడు పట్టణాల్లో గోడలకు, వంతెన స్తంభాలకు బొమ్మలు వేస్తున్నారు. హైదరాబాద్ మక్తాలో ఇళ్ల గోడల మీద బొమ్మలు వేశారు. మనవాళ్ల బొమ్మలూ అక్కడక్కడ కనిపిస్తాయి. ఎట్లా? ఫేట్యా, అద్దాల కాంచళి వేసుకుని ఆడుతున్న ఆడబిడ్డ. సంతోషమే. కానీ తీజ్ తొమ్మిది రోజులే. మిగతా రోజులు ఆమె ఏం చేస్తోంది?

మా హాస్టల్ గోడ కోసం పిల్లలను "మీ ఊరు గీయండి" అన్నాను. మిర్యాలగూడ వైపు పాప రైస్ మిల్లు గీసింది. పొగగొట్టం, లారీ, బస్తాలు అన్నీ ఉన్నాయి. మనుషులు లేరు. "మీ అమ్మ ఎక్కడ పనిచేస్తుంది?" అంటే "ఆ మిల్లులనే మేడం" అంది. "మరి బొమ్మలో ఏదీ?" తల దించుకుంది. "అమ్మ దుమ్ముల ఉంటది మేడం. బొమ్మ ఖరాబైతది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ నాట్లకు పోతుందని ఆ వయసులో నేనూ స్నేహితుల దగ్గర దాచాను.

1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పెరిగింది, వడ్లతో మిల్లులు పెరిగాయి. వడ్లు నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి మర పడితే ఉప్పుడు బియ్యం. ఆ బాయిలర్‌లో మండేదీ వడ్ల ఊకే. మేళ్లచెరువు, మఠంపల్లి సున్నపురాయితో సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. ఈ కథలో నాటు వేసిన చేతులు, బస్తా మోసిన భుజాలు లేకపోతే అది సగం బొమ్మే.

సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లాయి. వాటిని చెక్కిన చేతులెవరివో మనం చెప్పలేం. మన చేతుల సంగతైనా మనమే గీసుకుందాం.

కుంచె పట్టే ముందు నానమ్మ దగ్గర కూర్చోండి. పని ఎట్లా చేసిందో అడగండి. మోదుగ, తంగేడు, పాలపిట్ట గీయండి, కింద మన గోర్ బోలిలో పేర్లు రాయండి. మున్సిపాలిటీ అనుమతి తీసుకోండి. కరెంటు డబ్బాల జోలికి మాత్రం ఆ శాఖవాళ్లను అడగకుండా పోవద్దు.

ఆ పాప మళ్లీ గీసింది. ఈసారి మిల్లు కళ్లం మీద వడ్లు ఊడుస్తూ అమ్మ ఉంది. ఆదివారం బిడ్డను చూడటానికి ఆమె వచ్చింది. గోడ ముందు చాలాసేపు నిలబడి, "పొరక అట్ల పట్టరు బిడ్డా, నడుము నొస్తది" అని చేతితో పట్టి చూపించింది. పిల్లలందరూ చుట్టూ చేరి నేర్చుకున్నారు.

ట్రైనింగ్ చేసిన టీచర్ను నేను. ఆ రోజు పాఠం చెప్పింది ఆమె.

జై సేవాలాల్.