ఆకు, గింజ, కట్టె: ఇంటి గాలి



చిలకలూరిపేట చుట్టుప్రక్కల గ్రామములలో మొక్కతో పొత్తు లేని యిల్లు లేదు. నల్లరేగడి చేలలో ప్రత్తియు, మిరపయు, పొగాకును పండును. ముంగిట తులసికోట యుండును. వాకిట వేపచెట్టు నీడ నిచ్చును. ఈ మొక్కలును మనవలె గాలి పీల్చి విడుచునని మన మందఱము వినియే యున్నాము. అయినను ఆ వినికిడినుండి ఒండొంటికి సరిపడని రెండు మాటలు పుట్టినవి. రాత్రివేళ మొక్క చెడుగాలి విడుచును గనుక పడకగదిలో నుంచరాదని కొందఱందురు. గదిలో నాలుగు కుండీ లుంచినచో గాలి శుద్ధి యగునని మఱికొందఱందురు. మొదటిది పాతమాట, రెండవది క్రొత్తమాట. వీనిలో నిజ మెంత? మన యింటి గాలిని నిజముగా చెఱచునది యేది? ఈ సంగతిని నేడు మనవి చేసెదను.

1771 వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందు జోసెఫ్ ప్రీస్ట్లీ యను నాతడు మూసిన గాజుపాత్రలో క్రొవ్వొత్తిని వెలిగించి, అది యాఱిపోవువఱకు నుంచెను. ఆ చెడిన గాలిలో నొక పుదీనా కొమ్మను పెట్టెను. కొన్ని దినముల పిమ్మట చూడగా, అదే గాలిలో క్రొవ్వొత్తి మరల వెలిగెను. జంతువు చెఱచిన గాలిని, దీపము చెఱచిన గాలిని మొక్క బాగుచేయునని దీనివలన తేలినది. 1779 లో యాన్ ఇంగెన్‌హౌజ్ అను డచ్చి వైద్యుడు మఱియొక మెట్టు ముందుకు సాగెను. ఈ బాగుచేయుట సూర్యకాంతి పడినపుడే జరుగుననియు, పచ్చని భాగములే దానిని చేయుననియు, చీకటిలో మొక్కయు మనవలె గాలిని చెఱచుననియు అతడు చూపెను.

దీని క్రమ మిది. ఆకు అడుగున కంటికి కానరాని సన్నని రంధ్రములు వేలకొలది కలవు. పగటివేళ వానిగుండ బొగ్గుపులుసు గాలి లోనికి పోవును. వేళ్ళు నీటిని పంపును. ఆకుపచ్చదనమునకు కారణమైన పత్రహరితము ఎండబలముతో ఈ రెంటినుండి చక్కెరను తయారుచేయును. అప్పుడు మిగిలిన ప్రాణవాయువు వెలుపలికి వచ్చును. ఇది మొక్క చేసికొను వంట. వంట వేఱు, ఊపిరి వేఱు. మొక్క రేయింబవళ్ళు మనవలెనే ప్రాణవాయువును గ్రహించి బొగ్గుపులుసు గాలిని విడుచుచునే యుండును. పగలు వంట యెక్కువగుటచే ఊపిరి కానరాదు. రాత్రి వంట యాగిపోవును గనుక ఊపిరి యొక్కటియే మిగులును.

కాగా పాతమాటలో కొంత నిజమున్నది. కాని యెంత? విశ్రాంతిగా నున్న మనుష్యునికి గంటకు సుమారు 15 లీటర్ల ప్రాణవాయువు కావలెను. దాదాపు అంత బొగ్గుపులుసు గాలిని అతడు విడుచును. రాత్రి యొక చిన్న తులసిమొక్క విడుచునది అందులో నూఱవపాలునకును చాలదు. మంచముప్రక్క మొక్కకు జంకువాడు అదే గదిలో పరుండిన తమ్మునికి మఱియెంత జంకవలెను! రోగి గదినుండి రాత్రులు పూలను తొలగించు ఆచారము ఐరోపాలోను ఉండెడిది. దాదికులమునకు వన్నె తెచ్చిన ఫ్లారెన్స్ నైటింగేల్ 1859 నాటి తన గ్రంథములో ఆ భయము వట్టిదని త్రోసిపుచ్చినది.

చింతచెట్టు క్రింద రాత్రి పరుండరాదని మన పెద్దలు చెప్పుదురు. ఆరుబయట చెట్టు విడిచిన గాలి నిలువయుండక చెదరిపోవును. కావున గాలికై జంకనక్కరలేదు. పురుగుపుట్రకై, విఱిగిపడు కొమ్మకై జాగ్రత్తపడుట తగును. రావిచెట్టు రాత్రియు ప్రాణవాయువు నిచ్చునను మాటయు సరికాదు. వెలుగు లేనిదే ఏ చెట్టును ప్రాణవాయువును విడువలేదు. కలబంద వంటి కొన్ని మొక్కలు మాత్రము నీటి పొదుపునకై రాత్రివేళ రంధ్రములు తెఱచి బొగ్గుపులుసు గాలిని దాచుకొనును. అవియు ప్రాణవాయువును విడుచుట తెల్లవాఱిన పిమ్మటనే.

ఇక క్రొత్తమాట. 1989 లో అమెరికా దేశపు నాసా సంస్థ తరఫున జరిగిన పరీక్షలో, మూసిన పెట్టెలలో నుంచిన మొక్కలు రంగులనుండి, జిగురులనుండి వెలువడు కొన్ని విషపు ఆవిరులను తగ్గించినవి. అది మొదలు కుండీలు గాలిని కడుగునను ప్రచారము లోకమంతట వ్యాపించినది. కాని యిల్లు మూసిన పెట్టె కాదు. 2019 లో ఇద్దఱు అమెరికా పరిశోధకులు అట్టి పరీక్షలను పెక్కింటిని కూర్చి లెక్కవేసిరి. తలుపుల సందులనుండి వచ్చిపోవు గాలి చేయు పనిని కుండీలు చేయవలెనన్నచో చదరపు మీటరు నేలకు 10 మొదలు 1000 వఱకు మొక్కలు కావలెనని తేలినది. అంత తోటలో మంచము వేయ చోటెక్కడిది? ప్రాణవాయువు లెక్కయు నట్టిదే. మంచి యెండలో చదరపు మీటరు ఆకు గంటకు సుమారొక లీటరు ప్రాణవాయువు నిచ్చును. గది మూలనున్న మసకవెలుతురులో అందులో కొద్దిపాలైన నీయదు. మొక్కను పెంచుడు, కంటికి చలువ, మనసున కింపు. కాని కిటికీ చేయవలసిన పనిని మొక్కకు అప్పగింపకుడు.

మఱి యింటి గాలిని చెఱచున దేది? చిత్రమేమన, అదియు మొక్కయే. కాని కుండీలోని పచ్చని మొక్క కాదు. పాతరలోని గింజ, పొయ్యిలోని కట్టె.

మొదట గింజను గూర్చి. పల్నాటి సీమలో జొన్నలను నేలలో త్రవ్విన పాతరలందు దాచుట పూర్వము పరిపాటి. గింజకు ప్రాణమున్నది, ఊపిరి యున్నది. తడి తగిలిన గింజకు ఊపిరి మఱియు నెక్కువ. మూసిన పాతరలో ప్రాణవాయువు తఱిగి, గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైన బొగ్గుపులుసు గాలి అడుగున నిండును. పురుగు చచ్చుటయు, ధాన్యము నిలుచుటయు అందువలననే. ఆ గాలిలోనికి దిగిన మనుష్యుడును అట్లే పడిపోవును. పాతర తెఱచి, గాలి పోయించి, దీపము దించి చూచినగాని దిగరాదని పెద్ద లనుటకు కారణ మిదియే. దీప మాఱినచో అపాయము నిశ్చయము. కాని దీపము వెలుగుచున్నంత మాత్రమున క్షేమమని నమ్మరాదు. నేడు పాతరలు అరుదైనను పాడునూతులు, సెప్టిక్ ట్యాంకులు ఉన్నవి. సెప్టిక్ ట్యాంకులో దీపమే దించరాదు. అందలి వాయువు భగ్గున నంటుకొనును. ఒకడు లోపల పడినచో రెండవవాడు వెంటనే దిగుటచే రెండవ ప్రాణమును పోవుచున్నది. దిగక, కేకవేసి, అగ్నిమాపకదళమును 101 కు పిలువవలెను.

ఇక కట్టె. ప్రత్తిమొక్క నెలలకొలది ఆకురంధ్రములగుండ కూర్చుకొన్న బొగ్గుపులుసు గాలియే ప్రత్తికట్టెగా నిలిచియున్నది. దానిని పొయ్యిలో పెట్టినపుడు నెలల కూర్పు గడియలో తిరిగి గాలిలో కలియును. వెలుపల మండినచో చెదరిపోవును. మూసిన వంటయింట మండినచో పొగతో కలిసి ఆడువారి కన్నులలోను, పసివారి రొమ్ములలోను చేరును. ఇంటిపొగవలన 2020 లో ప్రపంచమున 32 లక్షలమంది మృతినొందిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. 1999 నాటి దీపం పథకము, 2016 నాటి ఉజ్జ్వల పథకము పెక్కిండ్లకు గ్యాసుపొయ్యి తెచ్చినవి. అయినను నీళ్ళు కాచుటకు కట్టెపొయ్యిని వాడు ఇండ్లు ఇంకను కలవు.

అన్నిటికంటె ముఖ్యమైనది బాలింత గది. కొన్ని యిండ్లలో గాలి తగులునని తలుపులు, కిటికీలు బిగించి, మంచము క్రింద నిప్పుల కుంపటి నుంచుదురు. తులసికుండీ యున్నచో దానిని మాత్రము జాగ్రత్తగా వెలుపల పెట్టుదురు! బొగ్గు అరకొఱగా కాలునపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ లేని నిప్పులు మంచివని మనము భ్రమపడుదుము. ఆ వాయువు నెత్తురులో ప్రాణవాయువు చోటు నాక్రమించును. తలనొప్పి, వాంతి, మగత కలుగును. నిద్రించువారు ఆ నిద్రలోనే పోవచ్చును. అట్టి గుఱుతులు కనబడినచో తల్లిని, బిడ్డను తక్షణము ఆరుబయటికి తెచ్చి, 108 కు కబురుచేసి ఆసుపత్రికి చేర్చవలెను.

కావున పెద్దలారా, ఇంటిలో మీ మాట చెల్లును గనుక మీకే మనవి చేయుచున్నాను. బాలింతకు, బిడ్డకు వెచ్చదనము కావలెనన్నచో దుప్పటి కప్పుడు, బిడ్డను తల్లి రొమ్మున చేర్చుడు. కుంపటిని మాత్రము మూసిన గదిలో నుంచకుడు. సాంబ్రాణి వేసినచో తలుపు తెఱచి వేయుడు. వంటయింటికి ఎదురెదురుగా రెండు కిటికీలు, పైన పొగగూడు ఉంచుడు. తులసి యున్నచోటనే యుండనిండు. దానివలన మన కపకారము లేదు. తీయవలసినది మొక్క కాదు, కిటికీ గడియ.