మనకు తెలియని మన వరం

1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి అధ్యక్షులు. అక్కడ విద్యార్థిగా చేరుదామని వచ్చారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. చూపు సరిగా ఆనక ఆయన బడిచదువు సాగలేదు. అన్నగారే వయొలిన్ నేర్పారు. ఆయన వాయిద్యం విన్న పెద్దలు, ఇతను నేర్చుకోవలసినవాడు కాదు, నేర్పవలసినవాడు అని గ్రహించి వయొలిన్ ఆచార్యుడిగానే నియమించారు. తర్వాత ఆ కళాశాలకే ఆయన అధ్యక్షులయ్యారు. 1957లో పద్మశ్రీ అందుకున్నారు.

అంతటి విద్వాంసుడు కూడా విద్యార్థిగానే గడప తొక్కారంటే నాకు ఎంతో ఆలోచన కలుగుతుంది. దేవుడిచ్చిన నేర్పు మనకు సులువుగా వచ్చేస్తుంది కనుక దాన్ని లెక్కచేయం. మా ఇంట్లో తగువు వస్తే అందరూ వెతికేది మా పిన్నినే. ఆవిడనడిగితే "నాకేం వచ్చమ్మా?" అంటుంది. కోపంలో ఉన్నవాళ్ల చేత ఓ ముద్ద తినిపించి, మాట కలపడం అందరివల్లా అవుతుందా? అది వరమే.

మీ వరం ఏదో తెలియాలంటే, మీ దగ్గరికి నలుగురూ ఏ పని మీద వస్తున్నారో గమనించండి. ఏ పనిలో పడితే మీకు పొద్దు తెలియదో చూడండి. అదేదో తెలిశాక సాధన మానకండి. ద్వారం వారు జీవితాంతం సాధన చేశారు.

ఇంకొక్క మనవి. మీ ఇంట్లోనో, పొరుగునో ఎవరిలోనైనా అలాంటి నేర్పు కనిపిస్తే, ఆ మాట ఈ రోజే వారితో చెప్పండి.