పిల్లల నడక చొప్పున

(రేడియో సందేశము)

చేతిలో పని ఉంటే పని చేసుకుంటూనే వినండి. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని వింటున్న తల్లులారా, ఈ మాటలు ముఖ్యంగా మీ కోసం. తండ్రులారా, మీరు లేచి వెళ్లిపోవద్దు. ఇవి మీ కోసం కూడా.

మన తెలుగు ఇండ్లలో ఒక చక్కని అలవాటు ఉంది. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు పంచుతారు. అడుగులు వేస్తే అరిసెలు పంచుతారు. కొందరి ఇండ్లలో ఆ అరిసెల మీదే చిన్న పాదాలు మోపించి నడిపిస్తారు. గడప దాటితే గారెలు, పలుకులు వస్తే పంచదార చిలకలు. బీద ఇల్లయినా సరే, పావుకిలో పంచదారైనా తెచ్చి ఇరుగుపొరుగు నోరు తీపి చేస్తారు. నాకు ఈ అలవాటు చాలా ఇష్టం. ఇది మన పెద్దలకు మాత్రమే తోచిన సంగతి కాదు. ఆదికాండము 21వ అధ్యాయము 8వ వచనము చూడండి. ఇస్సాకు పాలు మానిన రోజున అబ్రాహాము పెద్ద విందు చేశాడు. విశ్వాసులకు తండ్రి అని పిలువబడినవాడు ఒక పసివాడు పాలు మానినందుకు సంతోషించాడు. ఆ సంగతి లేఖనములలో వ్రాయబడింది. బిడ్డ ఎదుగుదలలో ఒక్కొక్క మెట్టు దేవుని సన్నిధిలో చిన్న విషయం కాదు.

అయితే ప్రియులారా, ఈ సంతోషమే మన ఇండ్లలో ఎప్పుడో ఒకప్పుడు పరీక్షగా మారిపోతుంది. “మీవాడు ఇంకా నడవడం లేదా? మావాడు పదో నెలకే పరుగెత్తాడు.” “మీ పాపకు ఇంకా పళ్లు రాలేదా?” ఆరాధన ముగిసి మందిరం మెట్లు దిగుతుండగానే ఈ ప్రశ్నలు మొదలవుతాయి. అడిగినవాళ్లు మరచిపోతారు. ఆ తల్లి మాత్రం ఇంటికి వెళ్లి రాత్రంతా నిద్రపోదు.

ఈ దినము మన ధ్యానము ఆదికాండము 33వ అధ్యాయములో ఉంది. యాకోబు ఇరువది సంవత్సరములు మామ ఇంట ఉండి స్వదేశానికి తిరిగి వస్తున్నాడు. ఎదురుగా అన్న ఏశావు, అతనితో 400 మంది మనుష్యులు. కౌగిలింతలు, కన్నీళ్లు అయిన తర్వాత ఏశావు కలిసి వెళదాం రమ్మన్నాడు. 13, 14 వచనములలో యాకోబు ఇచ్చిన జవాబు గమనించండి. పిల్లలు పసివారు, గొఱ్ఱెలు మేకలు పాలిచ్చేవి, ఒక్క రోజు తరిమి నడిపించినా మంద చచ్చిపోతుంది, కాబట్టి మీరు ముందు వెళ్లండి, నేను ఈ పిల్లలు ఎంత నడిస్తే అంతే మెల్లగా వస్తాను అన్నాడు.

ఇది ఏశావును తప్పించుకోవడానికి చెప్పిన సాకు అని కొందరంటారు. కావచ్చు. యాకోబు శేయీరుకు వెళ్లలేదు, సుక్కోతుకు వెళ్లాడు. అయినా అతడు తన పిల్లలను గూర్చి చెప్పిన సంగతి మాత్రం నిజమే. వాళ్లు ఎంత దూరం నడవగలరో అతనికి తెలుసు. ఎలా తెలుసు? వాళ్ల వైపు చూశాడు గనుక తెలుసు. ఇంకొక మాట. అంతకు ముందు రాత్రే యాకోబు దేవునితో పెనుగులాడాడు, తొడగూడు వసిలి కుంటుతున్నాడు. కుంటే తండ్రికి పిల్లల నడక అర్థమైంది. మనకు కూడా దెబ్బ తగిలేవరకు కొన్ని అర్థం కావు.

నా సంగతే చెబుతాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి.

మాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి ఏడాదిన్నరకే మాటలు వచ్చాయి. మూడో ఏట క్రిస్మస్ కార్యక్రమంలో స్టేజీ మీద నిలబడి ఒక కీర్తన అంతా ఒప్పచెప్పింది. సంఘమంతా చప్పట్లు కొట్టారు. నా ఛాతీ ఉప్పొంగింది. చిన్నమ్మాయికి రెండేళ్లు నిండినా ఒక్క మాట రాలేదు. మా అమ్మ వసకొమ్ము తెచ్చి, సానమీద అరగదీసి, తేనెతో నాకించింది. “వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమేలే” అన్నది. సంఘములో ఒక సహోదరి అడిగింది, “అయ్యగారూ, పాప ఇంకా మాట్లాడడం లేదా?” అని. “సిగ్గు ఎక్కువమ్మా” అన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు.

డిసెంబరు వచ్చింది. ఈసారి చిన్నది కూడా ఒక్క మాటైనా చెప్పాలని నా పట్టుదల. పాపను ఎదురుగా కూర్చోబెట్టుకొని “యేసయ్య అను, యేసయ్య అను” అన్నాను. అనలేదు. గొంతు పెంచాను. పాప బెదిరి ఏడ్చింది. అప్పుడు నా భార్య వచ్చి పాపను ఎత్తుకొని ఒక మాట అన్నది. “ఏవండీ, అది మీ మాట వినడం లేదు, మీ పెదవులు చూస్తోంది. నిన్న దాని వెనకాలే కుక్కరు కూత వేస్తే తల కూడా తిప్పలేదు.” నేను కోప్పడ్డాను. లేనిపోనివి ఊహించవద్దన్నాను.

ఇంకా రెండు నెలలు జాగు చేశాను. ఎందుకో తెలుసా? “పాస్టరుగారి పాపకు చెవుడట” అంటారని. ఎందరో బిడ్డల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను, నా ఇంట్లో ఇలా ఉంటే జనం ఏమనుకుంటారో అని. చివరకు నా భార్య ఒక్కతే బయలుదేరుతుంటే సిగ్గుపడి వెంట వెళ్లాను. పరీక్ష చేశారు. రెండు చెవులూ సరిగా వినపడడం లేదు. “ఇంకా ముందే తీసుకొచ్చి ఉంటే బాగుండేది” అన్నారు డాక్టరుగారు. ఆ రాత్రి నిద్రపోతున్న పాప మంచం దగ్గర మోకాళ్లూని క్షమించమని అడిగాను. పాపకు వినపడలేదు. దేవునికి వినపడింది.

ప్రియ శ్రోతలారా, నా తప్పు ఎక్కడుందో మీకు అర్థమైందా? పాపకు మాటలు ఆలస్యం కావడం తప్పు కాదు. అది పాప తప్పు కాదు, తల్లి తప్పు అసలే కాదు. నేను నా బిడ్డ వైపు చూడలేదు. పెద్దదాని వైపు చూశాను, పొరుగింటి పిల్లల వైపు చూశాను, సంఘస్థుల ముఖాల వైపు చూశాను. పక్కన నడిచే బిడ్డను చూడనివాడు ఆ బిడ్డ నడక చొప్పున ఎలా నడుస్తాడు?

ఇందులో రెండు సంగతులున్నాయి. దయచేసి జాగ్రత్తగా వినండి.

మొదటిది, తొందరపడవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు మన దేశంతో కలిపి 5 దేశాలలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలను గమనించి 2006లో ఒక లెక్క ప్రకటించారు. వారిలో కొందరు 8 నెలలు దాటగానే ఒంటరిగా నడిచారు. మరికొందరు 17 నెలలు దాటాక నడిచారు. అందరూ ఆరోగ్యవంతులే. నూటికి నలుగురు చేతులు, మోకాళ్ల మీద పాకనే లేదు. చూడండి, ఒకే అడుగుకు తొమ్మిది నెలల తేడా! పొరుగింటివాడు పదో నెలకు నడిచాడని, పదిహేనో నెలకు తప్పటడుగులు వేస్తున్న మీ బిడ్డను చూసి ఎందుకు కుమిలిపోతారు?

రెండవది, కళ్లు మూసుకోవద్దు. మెల్లగా నడవడం వేరు, చూడకుండా ఊరుకోవడం వేరు. ఆరు నెలల బిడ్డ మీ గొంతు విని తల తిప్పుతున్నదా? ఏడాదిన్నరకు ఒక్క మాటైనా వచ్చిందా? రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలుకుతున్నదా? వచ్చిన మాటలు పోతున్నాయా? అనుమానం ఉంటే “అదే వస్తుందిలే” అని కూర్చోకండి. పుట్టిన కొద్ది రోజులకే చెవి పరీక్ష చేయవచ్చు, బిడ్డకు ఏ నొప్పీ ఉండదు. వస నాకించడం ఆ పరీక్షకు బదులు కాదు. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డు తీసి చూడండి, ఏ నెలకు బిడ్డ ఏమి చేయాలో అందులో బొమ్మలతో ఉంటుంది. పుట్టినది మొదలు 18 సంవత్సరాల వరకు పిల్లలను పరీక్షించడానికి 2013లో ప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. అడగడానికి సిగ్గుపడకండి. వైద్యుని దగ్గరకు వెళ్లడం అవిశ్వాసం కాదు. ప్రార్థన చేసి వెళ్లండి, వెళ్లి వచ్చి ప్రార్థన చేయండి.

యాకోబును గూర్చి ఇంకొక మాట చెప్పకపోతే సందేశము పూర్తి కాదు. పిల్లల నడక చొప్పున నడిచిన ఆ తండ్రే తర్వాత ఏమి చేశాడు? 37వ అధ్యాయములో యోసేపును మిగిలినవారి కంటె ఎక్కువగా ప్రేమించి, అతనికి మాత్రం ప్రత్యేకమైన అంగీ కుట్టించాడు. అన్నలకు పగ పుట్టింది. ఆ ఇల్లు గుంటలోకి, బానిసత్వంలోకి, ఎన్నో ఏండ్ల కన్నీళ్లలోకి వెళ్లింది. తల్లిదండ్రులారా, అన్నం పెట్టేటప్పుడు “అక్కను చూసి నేర్చుకో” అంటాం. అది మనకు చిన్న మాట. బిడ్డకు మాత్రం అది ఆ అంగీయే. అక్కకు తొడిగి, తనకు తొడగని అంగీ.

మరి మన తండ్రియైన దేవుడు ఎలాంటివాడు? హోషేయ 11వ అధ్యాయము 3వ వచనములో ఆయన ఎఫ్రాయిమును గూర్చి మాట్లాడుతూ, నడక నేర్పిన తండ్రిగా తన్ను తాను చెప్పుకుంటున్నాడు. చెయ్యి పట్టుకొని నడిపించాడట. సూర్యచంద్రులను నడిపించే దేవుడు నడుము వంచి, ఒక పసివాని వ్రేలు పట్టుకొని, ఆ పసివాని అడుగుకు తన అడుగు తగ్గించుకున్నాడు. ఎన్నిసార్లు పడ్డాం! ఎంత ఆలస్యంగా నేర్చుకున్నాం! విశ్వాసంలో నాకు ఇంకా సరిగా మాటలు రాలేదు. అయినా ఆయన నన్ను స్టేజీ ఎక్కించి సిగ్గుపరచలేదు. నాతో అంత నిదానంగా నడిచినవాడు, నా బిడ్డతో నేను ఎలా నడవాలో నాకు నేర్పడా?

మా పాపకు చెవి మిషన్లు పెట్టించాము. మొదటి రోజు నా భార్య వెనక నుండి పేరు పెట్టి పిలిస్తే పాప గిరుక్కున తిరిగి చూసింది. అది చూసి మా అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. తర్వాత మాటలు నేర్పించడానికి వారం వారం బస్సులో తిరిగాము. మూడున్నరేళ్లకు మొదటి మాట వచ్చింది. నాన్న కాదు, యేసయ్య కాదు. “అక్క” అన్నది. మా అమ్మ వీధి అంతా పంచదార చిలకలు పంచింది. ఇప్పటికీ కొన్ని అక్షరాలు స్పష్టంగా రావు. ఆ సంవత్సరం క్రిస్మస్ కార్యక్రమంలో పాపను స్టేజీ ఎక్కించలేదు. నా ఒడిలో కూర్చోబెట్టుకున్నాను. ఇద్దరం కలిసి అక్కకు చప్పట్లు కొట్టాము.

ప్రియులారా, ఈ రాత్రి మీ బిడ్డ నిద్రపోయిన తర్వాత ఒక్క పని చేయండి. కొంతసేపు ఆ బిడ్డ ముఖం చూడండి. పక్కింటి బిడ్డ మనసులోకి వస్తే పంపించివేయండి. ఈ నెలలో మీ బిడ్డ కొత్తగా నేర్చుకున్నది ఒక్కటి తలచుకొని దేవునికి స్తోత్రం చెప్పండి. అది చెంచా పట్టుకోవడమైనా సరే, చెయ్యి ఊపడమైనా సరే. భయపెడుతున్నది ఏదైనా ఉంటే దాచవద్దు. భార్యాభర్తలు మాట్లాడుకోండి, తెల్లవారగానే అడగవలసినవారిని అడగండి. సంఘస్థులారా, మందిరం మెట్ల మీద తల్లులను ప్రశ్నలు అడగడం మాని, ఆస్పత్రికి తోడు వెళ్లండి.

ప్రార్థన చేద్దాం. మా పరలోకపు తండ్రీ, మాకు పిల్లలను ఇచ్చినందుకు నీకు స్తోత్రములు. మా తొందరను క్షమించుము. మా పరువు కోసం వారిని బెదిరించిన మాటలను క్షమించుము. ఆలస్యంగా నడిచే బిడ్డను, ఆలస్యంగా పలికే బిడ్డను, ఎన్నటికీ నడవలేని బిడ్డను నీ చేతులలో పట్టుకొనుము. వారి తల్లులను ఆదరించుము. నీవు మాతో నడిచినట్లు మేమును వారితో నడుచుటకు కృప దయచేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

వచ్చే వారం ఇదే సమయానికి మళ్లీ కలుసుకుందాం. అంతవరకు దేవుని సమాధానము మీ ఇంటిలో, మీ పసిబిడ్డలతో ఉండును గాక.