పడవ యిరుసు బేరింగు

1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తియైన పిదప బెజవాడనుండి బందరువఱకు కాలువపై పడవలు నడచినవి. గాలి యున్నపుడు తెరచాప, లేనపుడు గట్టుమీద నడచు మనుష్యులు లాగు మోకు. ఇవియే వానికి బలము. అట్టి పడవ యడుగున తిరుగు వస్తువు లేదు. కావున అఱుగునదియు లేదు. యంత్రము వచ్చినపిదప పడవకు వేగము కలిగినది. దానితోపాటు ఒక క్రొత్త జాగ్రత్తయు అవసరమైనది. దానిని మేము కొంత ఆలస్యముగా నేర్చుకొంటిమి.

యంత్రము పడవలోపల నుండును. నీటిని వెనుకకు నెట్టు పంకా వెలుపల నుండును. ఈ రెంటిని కలుపు ఉక్కు ఇరుసు ఒక గొట్టముగుండ నీటిలోనికి దిగును. పంకాకు కొంచెము ముందు ఆ యిరుసును పట్టియుంచునదే బేరింగు. పూర్వము ఇచ్చట లోహమే యుండెడిది. పెద్ద ఓడలలో అది త్వరగా అఱిగిపోవుచుండగా 1854లో ఇంగ్లండున జాన్ పెన్ అను ఇంజనీరు లిగ్నమ్ వైటీ యను మిక్కిలి గట్టికొయ్య పలకల నమర్చి ఆ బాధను తీర్చెను. నేటి చిన్నపడవలలో కంచుగొట్టము, దానిలో గాడులు తీసిన రబ్బరు ఉండును. కొయ్యకైనను రబ్బరుకైనను నూనె అక్కఱలేదు. నడుమ పాఱు నీరే నూనె. కాని మన నదీముఖములందలి నీటిలో ఒండ్రు, ఇసుక కలసియుండును. కాపాడు నీరే అఱగదీయును.

బందరు చెంత గిలకలదిండి రేవున మాకొక కఱ్ఱపడవ యుండెడిది. తెరచాపయు, చిన్న డీజిలు యంత్రమును దానికి కలవు. 2019 మార్చి మొదట సరంగు చుక్కానియొద్ద నిలిచి, "అయ్యా, కాళ్ల కింద పలక ఒణుకుతోందండీ. పంకా కాడ ఏదో అరిగింది" అనెను. అంతకు ముందేడే క్రొత్త బేరింగు వేయించితిమి గదా యని మేము నవ్వి యూరకుంటిమి. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు తూర్పుతీరమున యంత్రపు పడవల వేట నిషేధము. ఆ 61 దినములలో చూతమని మా లెక్క.

బేరింగు అంతవఱకు ఆగలేదు. మూడు వారములకు, తీరము సన్నని గీతవలె కనుపించుచుండగా, వణకు దడదడగా మారెను. ఇరుసు ఊగుటచే నీటిని ఆపు గ్లాండు వదులై పడవలోనికి నీరు కాఱసాగెను. యంత్రము నాపితిమి. కుఱ్ఱవాండ్రు నీరు తోడుచుండ సరంగు తెరచాప నెత్తెను. మధ్యాహ్నపు సముద్రపుగాలి మమ్ము ఒడ్డువైపు చేర్చెను. మొగయందలి ఇసుకమేటలు దాటుటకు పోటు రావలెను. చీకటిపడువఱకు లంగరుపై వేచితిమి. సరంగు మమ్ము ఒక్కమాటయు అనలేదు. అదియే మాకు ఎక్కువ సిగ్గు కలిగించెను.

పడవను ఒడ్డెక్కించి పంకాను చేతులతో పైకి క్రిందికి కదలించి చూచితిమి. అంగుళము లావు ఇరుసునకు అంగుళములో పదునాఱవ వంతుకు మించి ఆట యున్న బేరింగు పనికిరాదని పనివాండ్ర లెక్క. మా దానియందు చిటికెనవ్రేలి గోరు దూఱెను. పంకాను సుత్తితో కొట్టక పుల్లరుతో లాగి, కప్లింగు బోల్టులు విప్పి, చుక్కానిని దించి, ఇరుసును వెనుకకు తీసితిమి. పాత బేరింగును బిగించిన మరలను వదలించి, దాని కంచుచిప్పను రంపపు బ్లేడుతో నిడివిగా కోసితిమి. బయటి గూటికి గాటు పడకుండ కోయుటయే ఇందలి నేర్పు.

ఇరుసును, పాత బేరింగును విజయవాడ ఆటోనగరునకు కొనిపోయితిమి. లేతుపై త్రిప్పి చూడగా ఇరుసున వంకర లేదు. మేస్త్రీ మాత్రము ఒకప్రక్కనే తినివేయబడిన రబ్బరును చేతబట్టి, "ఇది ఒండ్రు చేసిన పని కాదండీ. ఒండ్రయితే చుట్టూ తింటుంది. మీ ఇంజనే వరసలో లేదు" అనెను.

క్రొత్త బేరింగునకు సబ్బునీరు రాచి, పొడవైన మరబోల్టుతో మెల్లగా గూటిలోనికి లాగితిమి. రబ్బరు చెడునని గ్రీజు పూయలేదు. కఱ్ఱపడవ ఒడ్డుపై నున్నట్లు నీటిలో నుండదు. దాని ఆకృతి కొంత మాఱును. కావున పడవను నీట దింపి, ఒక దినము ఆగి, కప్లింగు బిళ్లల నడుమ సందును రేకుగేజితో నాలుగు ప్రక్కల కొలిచితిమి. నాలుగంగుళముల బిళ్లకు అంగుళములో వేయింట నాలుగు వంతులకు మించి తేడా యుండరాదు. మాకు దాని కయిదింతలు వచ్చెను! యంత్రపు కాలొకదాని క్రింది చెక్క నలిగి క్రుంగియుండెను. ముందేడు బేరింగును మార్చిన మేము ఈ సందును చూడనేలేదు. చెక్కను మార్చి, మరల కొలిచి, అటుపిమ్మట బోల్టులు బిగించితిమి.

జూన్ 15 వేకువను పడవ మొగ దాటెను. సరంగు చుక్కాని పట్టి కొంతసేపు పలకపై కదలక నిలిచి, "ఇప్పుడు బాగుందండీ" అనెను.

అఱిగినదానిని మార్చుట సగము పని. అది ఎందు కఱిగినదో కనుగొనుట తక్కిన సగము. పడవ యజమానులు నిషేధదినములలో ఒక పూట పంకాను చేతబట్టి కదలించి చూతురుగాక. అంతకుముందే సరంగు ఏమైనను చెప్పినచో, ఏప్రిల్ వచ్చువఱకు ఆగకుందురుగాక.